గేరు మీ చేతికి, డిక్కీ ఇంటిల్లిపాదికీ

ప్రశ్న: నా వయసు 41. పదమూడేళ్లుగా ఒకే చిన్న హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నాను. అయిదు గేర్లు, టర్బో లేని 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను. ఇప్పటికీ తాళం తిప్పగానే పలుకుతుంది. పిల్లలిద్దరూ ఎదుగుతున్నారు, 28 కిలోల కుక్క ఉంది, మోకాళ్ల నొప్పులతో బాధపడే మా అమ్మ కూడా మాతోనే ఉంటుంది. పెద్ద కారు తప్పదు. మాన్యువల్ గేర్లున్న ఎస్టేట్ కారు కొనాలని నా కోరిక. నా భార్య ఆటోమేటిక్ కారులోనే డ్రైవింగ్ నేర్చుకుంది, క్లచ్ అంటే ఆమెకు భయం. స్నేహితులేమో ‘ఈ రోజుల్లో మాన్యువల్ ఎవరు కొంటారు, ఎస్టేట్ ఎవరు కొంటారు, ఎత్తుగా ఉండే ఆటోమేటిక్ ఎస్‌యూవీ తీసుకో’ అంటున్నారు. పాత కారు ఇచ్చేసి కొత్తది తీసుకోవాలనుకుంటున్నాను. నాది మొండితనమా?
ఒక పాఠకుడు

సమాధానం: మొండితనమేమీ కాదు. కారును ఇష్టంగా నడిపేవాళ్లలో మీలాంటివాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లను కదిపి చూడండి, వేగం గురించి రెండు మాటలు చెప్పి ఊరుకుంటారు. గేరు రాడ్డు చేతిలో ఎలా కదులుతుందో, వెనక తలుపు ఎత్తితే లోపల ఎంత చోటుంటుందో మాత్రం గంటల తరబడి చెబుతారు. ఒకటి సరదా, ఇంకొకటి సంసారం, రెండింటికీ పొంతన ఏమిటని బయటివాళ్లకు అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. తన చేతికీ తన పనికీ సరిగ్గా అమరిన వస్తువును వెతుక్కునే మనిషికి ఈ రెండూ నచ్చుతాయి.

అయితే మీరు రెండు కోరికల్నీ ఒకే మూట కట్టేశారు. దాన్ని విప్పాలి. గేరు మీ ఒక్కరి చేతిలో ఉంటుంది. కారు ఆకారంతో ఇంట్లో అందరికీ పని, కుక్కతో సహా. అందుకని ముందు ఆకారం సంగతి చూద్దాం.

ఎస్టేట్ అంటే సెడాన్ పైకప్పును వెనక బంపరు దాకా సాగదీసి నిలువుగా ఒక తలుపు పెట్టిన కారు. కొందరు వ్యాగన్ అంటారు. కింద చట్రం, ఇంజను, చక్రాలు సాధారణంగా సెడాన్‌వే. అందుకే అది సెడాన్‌లాగే నేలకు దగ్గరగా ఉంటుంది, మలుపుల్లో సెడాన్‌లాగే నిలకడగా తిరుగుతుంది. అవే మనుషుల్ని, అదే సామానును ఎస్‌యూవీలో ఎక్కిస్తే బరువంతా పైకి లేస్తుంది. మలుపులో కారు ఒరుగుతుంది. ఆ ఒరుగు తగ్గించడానికి స్ప్రింగులు బిగువుగా పెడతారు. స్ప్రింగులు బిగిస్తే గతుకుల మీద వెనక సీటులోవాళ్లు ఊగిపోతారు. ఎత్తు పెరిగితే గాలికి ఎదురు నిలిచే వైశాల్యమూ పెరుగుతుంది, దూర ప్రయాణాల్లో ఇంధనం ఎక్కువ తాగుతుంది. ఇందులో నా ఇష్టాయిష్టాలేమీ లేవు, బరువు ఎక్కడుందో చూసి వేసే లెక్క ఇది.

‘ఎస్టేట్ ఎవరు కొంటారు’ అన్న మీ స్నేహితులకు 1994వ సంవత్సరం గుర్తుచేయండి. ఆ ఏడాది బ్రిటిష్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ పోటీల్లో సెడాన్ల మధ్యకు వోల్వో తన 850 ఎస్టేట్‌ను దించింది. రికార్డ్ రైడెల్, యాన్ లామర్స్ ఆ పొడుగాటి కార్లను నడిపారు. గెలుపులు రాలేదు. అయినా ఆ పోటీల్ని చూసినవాళ్లు ఇవాళ్టికీ తలుచుకునేది ఆ కార్లనే. అదే ఏడాది ఆడి సంస్థ పోర్షేతో కలిసి ఆర్‌ఎస్2 అవాంట్‌ను తెచ్చింది. 2.2 లీటర్ల, అయిదు సిలిండర్ల టర్బో ఇంజను, 315 హార్స్‌పవర్. కొనేవాడికి ఎంచుకునే అవకాశమే ఇవ్వలేదు: ఆకారం ఎస్టేట్ ఒక్కటే, గేర్లు ఆరు గేర్ల మాన్యువల్ ఒక్కటే. మీరు అడుగుతున్న జోడీనే ఒక పెద్ద కంపెనీ మరో పెద్ద కంపెనీని తోడు తెచ్చుకుని మరీ తయారుచేసింది. ఆ తర్వాత 2011 నుంచి 2014 దాకా కాడిలాక్ సీటీఎస్-వి వ్యాగన్ 556 హార్స్‌పవర్ల వీ8 ఇంజనుతో, కోరినవాళ్లకు మాన్యువల్ గేర్లతో దొరికేది.

ఇప్పుడు ఆ జోడీ అరుదైపోయింది. బీఎండబ్ల్యూ ఎం3ని ఎస్టేట్ రూపంలో ఇమ్మని అభిమానులు ఏళ్ల తరబడి అడిగారు. 2022లో ఎం3 టూరింగ్ మొదటిసారి అమ్మకానికి వచ్చింది, కానీ ఆటోమేటిక్‌తో మాత్రమే. అంటే మీకు నచ్చిన ఆకారం, మీకు నచ్చిన గేర్లు ఒకే కారులో దొరక్కపోయే అవకాశం చాలా ఉంది. అలాంటప్పుడు దేన్ని వదులుకోవాలో షోరూముకు వెళ్లకముందే తేల్చుకుని ఉండాలి. అక్కడికి వెళ్లాక తేల్చుకుందామనుకుంటే అమ్మేవాడు తేలుస్తాడు.

నన్నడిగితే ఆకారాన్ని వదులుకోకండి.

డిక్కీ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కంపెనీలు లీటర్లలో ఒక సంఖ్య రాస్తాయి. యూరప్ కంపెనీలు ఎక్కువగా వీడీఏ అనే పద్ధతిలో కొలుస్తాయి. 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న దిమ్మల్ని డిక్కీలో పేర్చుకుంటూ పోతారు. ఒక్కో దిమ్మ సరిగ్గా ఒక లీటరు. ఎన్ని పడితే అన్ని లీటర్లు. అంత చిన్న దిమ్మ ఏ మూలకైనా, ఏ సందులోకైనా దూరుతుంది. మీ పెద్ద సూట్‌కేసు దూరదు. సెడాన్‌లో 500 లీటర్లు, ఎస్టేట్‌లో 500 లీటర్లు కాగితం మీద సమానమే. కానీ సెడాన్ డిక్కీ నోరు చిన్నది, పిల్లల సైకిలు లోపల పట్టేంత చోటున్నా నోటి దగ్గరే ఆగిపోతుంది. అందుకని సంఖ్యను నమ్ముకోకుండా కొలిచే టేపు పట్టుకెళ్లండి. నేల నుంచి డిక్కీ గడప ఎంత ఎత్తుందో కొలవండి. లోపల రెండు చక్రాల గూళ్ల మధ్య వెడల్పు కొలవండి. వెనక తలుపు ఎత్తినప్పుడు నోరు ఎంత ఎత్తు తెరుచుకుంటుందో చూడండి. ఏటవాలు అద్దం పెట్టి అందంగా చేసిన కార్లలో సగం చోటు పోయేది అక్కడే. వెనక సీట్లు మడిచాక నేల చదునుగా ఉంటుందా, మధ్యలో మెట్టు వస్తుందా అన్నది కూడా వంగి చూడండి.

డిక్కీ గడప ఎత్తు మీకు చిన్న విషయంలా కనిపించవచ్చు. మా ఇంట్లో ఒక ముసలి కుక్క ఉండేది. చివరి రెండేళ్లలో దానికి వెనక కాళ్లు పట్టు తప్పాయి. మా ఎస్టేట్ కారు వెనక తలుపు ఎత్తగానే వచ్చి ముందు కాళ్లు రెండూ గడప మీద పెట్టి, తల తిప్పి నా వైపు చూసేది. గడప నా మోకాలికి కాస్త పైన ఉండేది. వెనక నుంచి రెండు చేతులతో కొంచెం ఎగదోస్తే చాలు, మిగతా పని అదే చేసుకునేది. ఒకసారి స్నేహితుడి ఎస్‌యూవీలో తీసుకెళ్లాల్సి వచ్చింది. గడప నా తొడల మధ్య దాకా ఉంది. కుక్క ముందు కాళ్లు ఎత్తింది, అందలేదు, కింద కూర్చుండిపోయింది. మొత్తం బరువు ఎత్తి పెట్టాల్సి వచ్చింది, అలా ఎత్తడం దానికీ నొప్పే. మీ 28 కిలోల కుక్క ఇప్పుడు ఎగిరి దూకుతుండవచ్చు. మీరు ఈ కారును మరో పదేళ్లు ఉంచుకుంటారన్నది మీ అలవాటును బట్టి నా ఊహ. ఆ పదేళ్లలో అది ముసలిదవుతుంది.

మీ అమ్మగారి మోకాళ్ల విషయంలో మాత్రం మీ స్నేహితుల మాటలో నిజముంది. సీటు కిందకి ఉంటే కూర్చునేటప్పుడు ఒళ్లు జారవిడవాలి, లేచేటప్పుడు మోకాళ్ల మీద బలమంతా పెట్టాలి. అలాగని మరీ ఎత్తైన కారూ ఆమెకు పనికిరాదు, ఒక కాలు మీద నిలబడి రెండో కాలు పైకి ఎత్తి ఎక్కాలి. ఇంట్లో ఆమె ఇబ్బంది లేకుండా కూర్చుని లేచే కుర్చీ ఒకటి ఉండే ఉంటుంది. దాని ఎత్తు కొలిచి రాసిపెట్టుకోండి. కారు సీటు అంచు నేల నుంచి దాదాపు అంతే ఎత్తులో ఉంటే మంచిది. ముందు వీపు తిప్పి కూర్చుని, తర్వాత కాళ్లు రెండూ లోపలికి తిప్పుకునేంతగా తలుపు తెరుచుకోవాలి. షోరూములో ఆమెను మూడుసార్లు ఎక్కి దిగమనండి. మొదటిసారి మీ ముఖం చూసి బాగుందంటారు. మూడోసారి దిగేటప్పుడు చెయ్యి దేన్ని పట్టుకుంటుందో చూడండి, జవాబు అందులో ఉంటుంది. మామూలు ఎస్టేట్ ఈ పరీక్షలో నెగ్గకపోతే, అదే ఎస్టేట్‌ను కొంచెం ఎత్తు పెంచి చేసిన రకం ఉంది. సుబారు అవుట్‌బ్యాక్, ఆడి ఆల్‌రోడ్, వోల్వో క్రాస్ కంట్రీ అలా పుట్టినవే. మీ ఇంటికి అలాంటిదే బాగా సరిపోతుందని నాకు అనిపిస్తోంది. ఎస్‌యూవీ దాకా వెళ్లాల్సిన పని పడకపోవచ్చు.

ఎస్టేట్‌కు వంకలు లేవని చెప్పను. వెనక గోడ లేనందున చక్రాల చప్పుడు సెడాన్‌లోకంటే ఎక్కువ వినిపిస్తుంది. వెనక అద్దం తొందరగా దుమ్ము పడుతుంది, వైపరు లేకుండా కొనకండి. అన్నిటికంటే ముఖ్యం, సీటు తల ఎత్తు దాటి సామాను పేర్చినప్పుడు మధ్యలో వల తప్పనిసరిగా కట్టాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకున్నా వదులుగా ఉన్న పెట్టె తన బరువుకు పదుల రెట్ల బలంతో పిల్లల తలల మీదకు వస్తుంది. కుక్కకూ అడ్డు కంచె ఉండాలి.

ఇక గేర్లు.

వేగం కోసం మాన్యువల్ కావాలని వాదించే రోజులు పోయాయి. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32 కారులో వచ్చిన డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేరు పెట్టెలో రెండు క్లచ్‌లుంటాయి. ఒక క్లచ్ మీద మూడో గేరు నడుస్తుంటే రెండో క్లచ్ మీద నాలుగోది ముందే పడి సిద్ధంగా ఉంటుంది. ఏ మనిషి చెయ్యీ దానితో పోటీ పడలేదు. మైలేజీలోనూ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లు మాన్యువల్‌ను అందుకున్నాయి, చాలాచోట్ల దాటిపోయాయి. పోర్షే 2013లో తన 911 జీటీ3 స్పోర్ట్స్ కారును ఆటోమేటిక్‌తోనే తెచ్చింది. రేస్ ట్రాక్ మీద గడియారం చూస్తే అది సరైన నిర్ణయం. కానీ అభిమానులు ఒప్పుకోలేదు. 2016లో 911 ఆర్ మాన్యువల్‌తో వచ్చింది, 2017లో జీటీ3లోకి కూడా మాన్యువల్ తిరిగి వచ్చింది. దాన్ని అడిగినవాళ్లకు అది నెమ్మది అని తెలుసు. తెలిసే అడిగారు.

ఎందుకు అడిగారో మీకు నేను చెప్పనక్కర్లేదు, అయినా చెప్పాలనిపిస్తోంది. దిగుడులో ఒక మలుపు వస్తోంది. మూడో గేరులో ఉన్నారు. బ్రేకు మీద కాలు ఉండగానే క్లచ్ నొక్కుతారు, రాడ్డును న్యూట్రల్‌లోకి లాగుతారు, బ్రేకు మీదున్న పాదం అంచుతోనే యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తడతారు. ఇంజను గొంతు లేస్తుంది. అది దిగేలోపు రాడ్డును రెండో గేరు వైపు వేళ్లతో నడిపిస్తే, లోపల రింగు ఒక్క క్షణం అడ్డుకున్నట్టు తగిలి, తర్వాత దారి ఇస్తుంది. క్లచ్ వదిలితే కుదుపు లేదు. వెనక సీటులో నిద్రపోతున్న పిల్లల తల కూడా కదలదు. చేసినట్టు ఎవరికీ తెలియదు, చేసిన మీకు తప్ప. ఆ రింగును సింక్రోమెష్ అంటారు, రెండు పళ్ల చక్రాల వేగాన్ని రాపిడితో సమానం చేశాకే పళ్లు కలవనిస్తుంది. కాడిలాక్ 1928లో దాన్ని తేకముందు ఆ పనంతా డ్రైవరు చెవీ కాలూ కలిసి చేసుకోవాల్సి వచ్చేది.

అయితే మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మీరు ప్రేమిస్తున్నది మాన్యువల్‌ను మాత్రమే కాదు, చిన్న ఇంజనుకు కట్టిన మాన్యువల్‌ను. టర్బో లేని 1.2 లీటర్ల ఇంజను తన బలాన్నంతా పై వేగాల్లో దాచుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు రెండో గేరా, మూడో గేరా అన్న నిర్ణయం మీదే కారు కదలిక ఆధారపడుతుంది. తప్పు గేరు వేస్తే మూలుగుతుంది, సరైనది వేస్తే పరుగు తీస్తుంది. అందుకే పదమూడేళ్లుగా దానికి మీ చెయ్యి కావలసి వచ్చింది. కొత్త ఎస్టేట్‌లో టర్బో ఇంజను ఉంటుంది. చాలా టర్బో ఇంజన్లలో 1,500 ఆర్‌పీఎం దాటిన దగ్గర్నుంచి 4,000 దాకా లాగే బలం దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. మూడులో ఉన్నా లాగుతుంది, నాలుగులో ఉన్నా లాగుతుంది. గేర్లు కూడా పొడుగ్గా పెడతారు, రెండో గేరులోనే ఎంతో దూరం పోతారు. దానికి తోడు, ఉద్గారాల నిబంధనల వల్ల చాలా కొత్త కార్లలో యాక్సిలరేటర్ వదిలాక కూడా ఇంజను వేగం వెంటనే దిగదు, అక్కడే వేలాడుతుంది. పై గేరు వేయడానికి మీరు దాని కోసం ఆగాలి. పాత కారులో మీ చేతికి తెలిసిన లయ అందులో కుదరదు. ఒకటిన్నర టన్నుల ఎస్టేట్‌లో మాన్యువల్ పెట్టించుకున్నా మీకు కావలసిన ఆ అనుభవం అందులో లేకపోవచ్చు.

అందుకే ‘మాన్యువల్’ అన్న పేరు చూసి డబ్బు కట్టకండి. ఆ ఒక్క కారు గేరు పెట్టెను చేత్తో చూడండి. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో రాడ్డును ఎడమకు నెట్టి వదలండి. చాలా కార్లలో దానంతట అది మూడు, నాలుగు గేర్ల వరుస మధ్యకు వచ్చి నిలబడాలి. వదులుగా ఊగిందంటే మంచిది కాదు. తర్వాత నడుపుతూ, రెండులోంచి మూడుకు మార్చేటప్పుడు రాడ్డును పిడికిటితో పట్టుకోకుండా తెరిచిన అరచేత్తో ముందుకు నెట్టండి. మంచి గేరు పెట్టె అయితే పక్కకు మీరు తిప్పనక్కర్లేదు, స్ప్రింగే దారి చూపిస్తుంది. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో గమనించండి. పెడల్ పూర్తిగా పైకి వచ్చాక చివర్లో పట్టుకునేదైతే రద్దీలో మీ మోకాలు నొప్పి పెడుతుంది. క్లచ్ నొక్కినప్పుడు మోకాలు స్టీరింగుకు తగలకూడదు. ఎడమ కాలు విశ్రాంతిగా పెట్టుకోవడానికి చోటుండాలి, అది లేకపోతే తెలియకుండానే క్లచ్ మీద పాదం ఆనించి ఉంచుతారు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు రెండూ అరుగుతాయి. అమ్మేవాళ్లు ఖాళీ రోడ్డు మీద పది నిమిషాలు నడిపించి సరే అనిపించుకోవాలని చూస్తారు. ఒప్పుకోకండి. కనీసం అరగంట వాహనాల రద్దీలో నడపండి. ఖాళీ రోడ్డు మీద ఏ మాన్యువల్ అయినా బాగానే ఉంటుంది.

మీ భార్య విషయంలో నా మాట సూటిగా చెబుతాను. మీకు జ్వరమొచ్చిన రాత్రి, మీ అమ్మగారికి ఒంట్లో బాగాలేని రాత్రి, ఆమె తాళం తీసుకుని వెళ్లగలగాలి. ఇంట్లో ఉన్న ఇద్దరు డ్రైవర్లలో ఒకరు నడపలేని కారు మీ అవసరానికి సగమే పనికొస్తుంది. కాబట్టి కొత్త కారులో మాన్యువల్ ఉండాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. బతిమాలి ఒప్పించకండి.

కానీ ఆమె భయం క్లచ్ మీద కాకపోవచ్చు. మాన్యువల్‌కు భయపడేవాళ్లలో చాలామంది భయం, నలుగురి మధ్య ఇంజను ఆగిపోవడం, వెనకవాళ్లు హారన్ కొట్టడం. దానికి మందు ఉంది. మీ పాత కారును చదునైన ఖాళీ స్థలానికి తీసుకెళ్లండి. ఇంజను నడుస్తుండగా మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ జోలికి పోకుండా, క్లచ్‌ను ఒక్కటే మెల్లగా పైకి వదలమనండి. ఒకచోట ఇంజను గొంతు కాస్త దిగుతుంది, కారు ఒళ్లు సన్నగా వణుకుతుంది. అక్కడే ఒక్క క్షణం ఆపి, మళ్లీ కిందకి నొక్కమనండి. కారు కదలనక్కర్లేదు. మధ్య మధ్య క్లచ్‌కు విరామం ఇస్తూ ఇలా ఇరవై సార్లు. పాదానికి ఆ చోటు తెలిసిపోయాక, ఇంకొంచెం వదిలితే యాక్సిలరేటర్ లేకుండానే కారు నడకలా కదులుతుంది. ఇంజను ఆగిపోవడం తన చేతిలో ఉందని తెలిసిన మనిషికి హారన్ భయం చాలా తగ్గుతుంది. ఎత్తు మీద కారు వెనక్కి జారకుండా బ్రేకును కాసేపు పట్టి ఉంచే ఏర్పాటు కొత్త మాన్యువల్ కార్లలో ఎక్కువగా ఉంటోంది, అదీ ఆమెకు చెప్పండి. మీరు నేర్పేటట్లయితే నోరు కట్టుకుని కూర్చోండి, లేదా ఇంకెవరిచేతనైనా నేర్పించండి. భర్త పక్కన కూర్చుని ‘క్లచ్, క్లచ్’ అని అరిచినందువల్లే జీవితమంతా మాన్యువల్ ముట్టనివాళ్లు ఉన్నారు.

ఇదంతా చేశాక కూడా ఆమె వద్దంటే, వద్దు. ఆటోమేటిక్ ఎస్టేట్ తీసుకోండి. అందులోనూ రకాలున్నాయి. క్లచ్, గేర్లు మామూలు మాన్యువల్‌వే ఉంచి వాటిని మోటార్లతో మార్పించే ఏఎంటీ మీకు పడదు, గేరు మారినప్పుడల్లా తల ముందుకు ఊగుతుంది. గేర్ల మెట్లు లేకుండా సాగే సీవీటీ మెత్తగా పోతుంది, కానీ వేగం పెంచినప్పుడు ఇంజను ఒకే స్వరంలో రొద పెడుతుంది. గేర్ల మెట్లు వినడం అలవాటైన చెవికి అది కష్టం. రెండు క్లచ్‌లది చురుకైనది, అయితే అంగుళం అంగుళం జరిగే రద్దీలో కొన్ని తడబడతాయి. మీ ఇంటికి టార్క్ కన్వర్టర్, అంటే క్లచ్ బదులు ఆయిల్ ద్వారా ఇంజను బలాన్ని అందించే భాగం ఉన్న మామూలు ఆటోమేటిక్ మంచిది. స్టీరింగు వెనక మీటలుంటే దిగుడుల్లో గేరు మీరే ఎంచుకోవచ్చు. అది మాన్యువల్‌తో సమానమని నేను అనను, ఎడమ కాలికి పని లేని చోట సగం ఆనందం పోతుంది. విద్యుత్ కార్లకు గేర్ల మెట్ల అవసరమే లేదు, అయినా హ్యుందాయ్ 2023లో తెచ్చిన అయోనిక్ 5 ఎన్‌లో లేని గేర్లు మారుతున్నట్టు కుదుపునూ చప్పుడునూ పుట్టించే ఏర్పాటు పెట్టింది. మీరు దేని కోసం తపిస్తున్నారో తయారీదార్లకు కూడా తెలుసన్నమాట.

మీ ప్రాంతంలో ఎస్టేట్లే దొరకకపోతే అయిదు తలుపుల పెద్ద హ్యాచ్‌బ్యాక్ చూడండి. మాన్యువల్ ఇంకా కొంచెం ఊపిరి పోసుకుంటున్నది అక్కడే. హోండా సివిక్ టైప్ ఆర్ ఏ తరంలోనూ మాన్యువల్ తప్ప మరొకటి ఎరుగదు, దాని వెనక చోటు కూడా చిన్నదేమీ కాదు. ఇలాంటి కార్లకు పెద్దన్న లాంటి గోల్ఫ్ జీటీఐ 1976లో 110 హార్స్‌పవర్లతో, నాలుగు గేర్ల మాన్యువల్‌తో మొదలైంది. 2024లో సవరించిన రూపంలో మాన్యువల్‌ను తీసేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు మనసు బాగాలేదు.

చివరిగా మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం గురించి. ‘ఇప్పటికీ తాళం తిప్పగానే పలుకుతుంది’ అన్నారు. కొనబోయే కారు గురించి అలాంటి మాట ఒక్కటీ రాయలేదు. మీ ఇంట్లో రెండు కార్లకు చోటుందో లేదో కూడా రాయలేదు. ఉంటే మాత్రం దయచేసి ఆ పాత కారును ఇవ్వకండి. పదమూడేళ్ల చిన్న కారుకు మార్పిడిలో వచ్చేది ఎలాగూ తక్కువ. మీకు కావలసిన మాన్యువల్ మీ దగ్గరే ఉంది, మీ చేతికి అలవాటై ఉంది. మీ భార్య నేర్చుకోవడానికీ, రేపు పిల్లలు నేర్చుకోవడానికీ అంతకంటే మంచి కారు దొరకదు. బరువైన ప్రయాణాలన్నీ ఎస్టేట్‌కు వదిలేసి, ఒంటరిగా పోయే పనులకు దీన్ని వాడండి.

ఉంచుకుంటే కొంత సేవ చేయాలి. గేరు ఆయిల్ మార్పించండి, చాలామంది కారు జీవితకాలంలో ఒక్కసారీ మార్పించరు. బ్రేకు ఆయిల్, కూలెంట్, టైమింగ్ బెల్టు ఉంటే అది, వయసు మీరిన టైర్లు చూపించండి. ఇంకొకటి ముఖ్యంగా మెకానిక్‌కు చెప్పండి: గేరు రాడ్డు కింద, గేరు పెట్టె దాకా వెళ్లే లింకేజీలో చిన్న రబ్బరు బుష్‌లు, ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి. పదేళ్లకు అవి అరిగి రాడ్డు వదులుగా ఆడుతుంది. మార్పు మెల్లమెల్లగా వస్తుంది కాబట్టి మీ చెయ్యి దానికి సర్దుకుపోయి ఉంటుంది, మీకు తెలియదు. అవి చిన్న వస్తువులు, మార్చడం పెద్ద పని కాదు. మార్చిన రోజు మొదటి గేరు వేసినప్పుడు కారు కొన్న రోజు గుర్తొస్తుంది.

చోటు ఒక్క కారుకే ఉంటే, ఎస్టేట్. అందులో మాన్యువల్ దొరికి, ఆ గేరు పెట్టె మీ అరచేతి పరీక్షలో నెగ్గి, మీ భార్య మనస్ఫూర్తిగా సరే అంటే మాన్యువల్. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆటోమేటిక్.

కారు చూడటానికి వెళ్లే రోజున మీ అమ్మగారినీ, పిల్లల్నీ, కుక్కనూ, కొలిచే టేపునూ వెంట తీసుకెళ్లండి. నడిపి చూడమని తాళం ఇచ్చినప్పుడు మొదట మీరు అందుకోకండి. ముందు మీ భార్యను నడపనివ్వండి. ఆ మొదటి అరగంట మీరు వెనక సీటులో, పిల్లలిద్దరి మధ్య కూర్చోండి.